యూఎస్‌ఎస్ వార్డ్: పెర్ల్ హార్బర్ ముంగిట కాపలా కాసిన డిస్ట్రాయర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెర్ల్ హార్బర్ గురించి చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట వార్డ్ పేరు తగులుతుంది. చాలా పుస్తకాలు ఒక పేరాతో సరిపెట్టి జపాన్ విమానాల దాడిలోకి వెళ్లిపోతాయి. ఆ పేరాకు ముందూ వెనకా ఉన్న కథ చాలా పెద్దది. చదివినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు వార్డ్ అంటే ఏ నౌక? క్లుప్తంగా చెప్పండి.

అమెరికా నౌకాదళంలో 139వ నంబరు డిస్ట్రాయర్. 1918లో కాలిఫోర్నియాలో కట్టారు. 1941 డిసెంబర్ 7న ఉదయం 6:45కు హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ స్థావరం బయట ఒక జపాన్ జలాంతర్గామిని కాల్చి ముంచేసింది. ఓడరేవు మీదికి విమానాలు వచ్చింది ఆ తర్వాత గంటకు పైగా గడిచాక. సరిగ్గా మూడేళ్లకు, 1944 డిసెంబర్ 7న, ఫిలిప్పీన్స్‌లో తనే మునిగిపోయింది.

డిస్ట్రాయర్ అంటే ఎలాంటి నౌక? ఆ రోజుల్లో దాని పనేంటి?

19వ శతాబ్దం చివర్లో టార్పెడో బోట్లు వచ్చాయి. చిన్న పడవే అయినా, నీళ్లలో దూసుకెళ్లి పేలే ఒక్క టార్పెడోతో పెద్ద యుద్ధనౌకను ముంచగలదు. వాటిని వేటాడటానికి కాస్త పెద్దగా, వేగంగా ఉండే నౌకలు కావాల్సి వచ్చింది. అలా పుట్టింది డిస్ట్రాయర్. అమెరికాలో మొదటి నంబరు డిస్ట్రాయర్ బెయిన్‌బ్రిడ్జ్ 1902లో సేవలోకి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి శత్రువు మారాడు. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచుతుంటే, వాటికి ఎదురు నిలబడగలిగింది డిస్ట్రాయర్లే. దాంతో అమెరికా వందల సంఖ్యలో కట్టడం మొదలుపెట్టింది. వార్డ్ ఆ వరసలో విక్స్ తరగతికి చెందింది. ఆ తరగతిలో మొత్తం 111 నౌకలు. దాని వెనకే వచ్చిన క్లెమ్‌సన్ తరగతిలో ఇంకో 156.

ఈ నౌకల్ని చూడగానే గుర్తుపట్టొచ్చు. నాలుగు పొగగొట్టాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ముందు భాగం నుంచి వెనక్కి డెక్ ఎక్కడా మెట్టు లేకుండా ఒకే వాలుగా సాగుతుంది. పొడవు 314 అడుగులు, వెడల్పు మాత్రం 31 అడుగులే. గంటకు 35 నాట్ల వేగం, అంటే దాదాపు 65 కిలోమీటర్లు. నాలుగు అంగుళాల ఫిరంగులు నాలుగు, టార్పెడో గొట్టాలు 12. లోపాలూ ఉన్నాయి. తిరగడానికి చాలా చోటు కావాలి, సముద్రం కాస్త పొంగితే డెక్ అంతా తడిసిపోతుంది, లోపల మనుషులకు ఊపిరాడనంత ఇరుకు.

17 రోజుల్లో కట్టేశారంటారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ ఆ 17 రోజుల లెక్క ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా అన్నది తెలిసి నమ్మాలి. కాలిఫోర్నియాలో వల్లేహో ఊరి పక్కనే మేర్ ఐలాండ్ నేవీ యార్డ్ ఉంది. అక్కడ 1918 మే 15న నౌకకు వెన్నెముక లాంటి అడుగు దూలం వేశారు. జూన్ 1న నౌకను నీళ్లలోకి దించారు. ఈ రెండింటి మధ్య 17 రోజులు. డిస్ట్రాయర్ల నిర్మాణంలో అదో రికార్డు.

ముందుగానే విడి భాగాలు సిద్ధం చేసి పెట్టుకోవడం వల్లే అది సాధ్యమైంది. ప్లేట్లు కోసి, పెద్ద పెద్ద ముక్కలుగా బిగించి పక్కన ఉంచారు. అడుగు దూలం పడగానే రాత్రీ పగలూ షిఫ్టుల్లో వాటిని ఎత్తి కలుపుతూ పోయారు. అప్పట్లో వెల్డింగ్‌తో ఓడలు కట్టడం ఇంకా వాడుకలోకి రాలేదు, అంతా రివెట్లే, అంటే ప్లేట్లను కలిపి బిగించే లోహపు మేకులు. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రంధ్రంలో పెట్టి, చల్లారేలోపు అవతలి వైపు నుంచి కొట్టి బిగించాలి. ఇంకో మాట, నీళ్లలోకి దించినంత మాత్రాన నౌక పూర్తయినట్టు కాదు. మిగతా బిగింపులు, పరీక్షలు అయ్యాక జూలై 24న నౌకాదళంలో చేరింది. అడుగు దూలం నుంచి అక్కడికి 70 రోజులు. నాకైతే 17 కంటే ఈ 70 రోజుల అంకే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి నౌక నిజంగా పనికి సిద్ధం.

హడావుడిగా కట్టారు కదా, గట్టిదేనా అని కొందరు అడుగుతారు. 26 ఏళ్ల తర్వాత కూడా యుద్ధం మధ్యలో పనిచేస్తూనే ఉంది. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వార్డ్ ఎవరి పేరు?

కమాండర్ జేమ్స్ హార్మన్ వార్డ్. అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన మొదటి నౌకాదళ అధికారి. 1845లో అనాపొలిస్‌లో నావల్ అకాడమీ మొదలైనప్పుడు పాఠాలు చెప్పినవాళ్లలో ఆయన ఒకరు, ఫిరంగుల మీద పాఠ్యపుస్తకం కూడా రాశారు. 1861 జూన్ 27న పొటోమాక్ నది మీద మథయస్ పాయింట్ దగ్గర తన నౌక ముందు భాగంలోని ఫిరంగికి స్వయంగా గురి చూస్తుండగా ఒడ్డు నుంచి వచ్చిన తూటా తగిలి చనిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిందా?

లేదు. చేరింది జూలై చివర్లో, నవంబర్ 11కు యుద్ధం ఆగిపోయింది. అయితే 1919 మేలో ఒక మంచి పనికి వెళ్లింది. అమెరికా నౌకాదళం సముద్ర విమానాల్ని మజిలీలు చేసుకుంటూ అట్లాంటిక్ దాటించింది. దారి పొడవునా కొంత కొంత దూరానికి ఒక డిస్ట్రాయర్‌ను నిలబెట్టారు, పైలట్లకు దారి చూపడానికి, ఎవరైనా సముద్రంలో దిగిపోతే కాపాడటానికి. వార్డ్ వాటిలో ఒకటి. బయల్దేరిన మూడు విమానాల్లో ఎన్‌సీ-4 ఒక్కటే మే 27న లిస్బన్ చేరింది.

1921 నుంచి 1941 దాకా ఏం చేసింది?

ఊరికే ఉంది. 1921 జూలై 21న సేవ నుంచి తప్పించి శాన్ డియాగోలో కట్టేశారు. శాంతి కాలంలో అన్ని డిస్ట్రాయర్లను నడపడానికి డబ్బూ లేదు, మనుషులూ లేరు. తుక్కు కింద పోయిన తోటి నౌకలు ఎన్నో. 1940లో 50 పాత డిస్ట్రాయర్లను బ్రిటన్‌కు ఇచ్చి బదులుగా స్థావరాలు తీసుకున్నారు. వార్డ్ ఆ జాబితాలోకి ఎక్కలేదు. 1941 జనవరి 15న దుమ్ము దులిపి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. మార్చికల్లా హవాయి చేరింది.

సిబ్బంది అంతా ఒకే ఊరివాళ్లట, నిజమా?

అంతా కాదు గానీ చాలామంది. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరం నుంచి వచ్చిన నౌకాదళ రిజర్విస్టులు 80 మందికి పైగా ఉన్నారు. మిస్సిసిపీ నది ఒడ్డున, సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊరు అది. మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో డ్రిల్లుకు వెళ్లే కుర్రాళ్లు. యుద్ధం ముంచుకొస్తోందని పిలుపు రాగానే ఇరవయ్యేళ్లుగా మూలనపడ్డ నౌకను వాళ్ల చేతికిచ్చారు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ఉదయం వాళ్లు పంపిన కబురును పైవాళ్లు ఎందుకు పూర్తిగా నమ్మలేదో ఆలోచించేటప్పుడు ఇది గుర్తొస్తుంది. పాత నౌక, రిజర్వ్ సిబ్బంది, కొత్త కెప్టెన్. లెఫ్టినెంట్ విలియం అవుటర్‌బ్రిడ్జ్ వార్డ్ బాధ్యతలు తీసుకున్నది డిసెంబర్ 5న. ఆయన కెప్టెన్‌గా నడిపిన మొదటి నౌక అదే. ఆ ఉదయానికి రెండు రోజుల కెప్టెన్.

డిసెంబర్ 7 ఉదయం అసలేం జరిగింది?

వార్డ్ పని ఓడరేవు మూతి దగ్గర గస్తీ తిరగడం. అక్కడి నీళ్లను రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించారు. అందులో మునిగి తిరిగే ఏ జలాంతర్గామి అయినా శత్రువే అని ఆదేశం ఉంది. అమెరికా జలాంతర్గాములు అక్కడికి వస్తే పైకి తేలి, వెంట నౌకతోనే రావాలి. కాబట్టి అనుమానానికి తావు తక్కువ.

తెల్లవారుజామున 3:42కు కాండర్ అనే మైన్‌స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు ఏరే నౌక) మీదున్నవాళ్లకు నీళ్లలో పెరిస్కోప్, అంటే జలాంతర్గామి పైకెత్తి చూసే గొట్టం లాంటిది కనిపించింది. 3:57కు దీపం సంకేతాలతో వార్డ్‌కు చెప్పారు. అవుటర్‌బ్రిడ్జ్ సిబ్బందిని లేపి, నీళ్లలో ధ్వనితో జాడ పట్టే సోనార్‌తో చాలాసేపు వెతికించారు. ఏమీ దొరకలేదు. సిబ్బంది మళ్లీ పడుకున్నారు. ఈలోపు 5 గంటలు కావస్తుండగా మైన్‌స్వీపర్లు లోపలికి రావడానికి ఓడరేవు మూతికి అడ్డంగా ఉండే ఉక్కు వల తెరిచారు. ఎనిమిదిన్నర దాటేదాకా దాన్ని మూయలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

ఆరున్నర ప్రాంతంలో సరుకు నౌక అంటారెస్ ఒక బార్జిని లాక్కుంటూ ఓడరేవు వైపు వస్తోంది. రెండింటి వెనకా నీళ్ల మీద నల్లగా ఏదో కదులుతోందని వార్డ్ మీద కాపలావాళ్లు చూశారు. అంటారెస్ చాటున, తెరిచిన వల గుండా లోపలికి దూరాలని చూస్తున్న చిన్న జలాంతర్గామి అది. పైభాగంలోని టవర్ నీళ్లపైకి తేలి కనిపిస్తోంది. పైన తిరుగుతున్న నౌకాదళ విమానం కూడా చూసింది. కానీ పైలట్ మొదట ఇది మనదే, ఏదో ఇబ్బందిలో ఉందనుకుని చోటు తెలిసేలా పొగ డబ్బాలు జారవిడిచాడు.

6:40కి వార్డ్ మీద యుద్ధ స్థానాలకు రమ్మని గంట మోగింది. నౌక నేరుగా జలాంతర్గామి మీదికే దూసుకెళ్లింది. 6:45కు ముందున్న 1వ నంబరు ఫిరంగి పేలింది. దూరం వంద గజాలే. గుండు టవర్ మీదుగా పోయింది. వెంటనే నడిమి భాగంలో కుడివైపున్న 3వ నంబరు ఫిరంగి వంతు. అప్పటికి దూరం యాభై గజాలకు వచ్చేసింది. మైళ్ల దూరం కొట్టడానికి చేసిన ఆయుధం అది, గుండు బరువు 15 కిలోలు. అంత దగ్గర్లో దూరం లెక్కలు, గురి పరికరాలు ఎందుకూ పనికిరావు. గొట్టం వెంబడి చూసి కాల్చడమే. ఆ గుండు టవర్ మొదట్లో, నీటి మట్టం దగ్గర తగిలింది. జలాంతర్గామి వార్డ్ వెనకగా పక్కకు ఒరిగింది. నీళ్ల అడుగున పేలే బాంబులు, డెప్త్ చార్జ్‌లు, నాలుగు వేశారు. నీళ్ల మీద నూనె తేలింది. అప్పటికి విమానం కూడా బాంబులు వేసింది.

ఆ జలాంతర్గామి అక్కడికెలా వచ్చింది?

జపాన్ ఐదు బుల్లి జలాంతర్గాములను పంపింది. ఒక్కొక్కటి 24 మీటర్ల పొడవు, 46 టన్నులు, ఇద్దరు మనుషులు, రెండు టార్పెడోలు. పెద్ద జలాంతర్గాముల వీపు మీద కట్టి పసిఫిక్ దాటించి, ఓడరేవుకు దగ్గర్లో రాత్రిపూట వదిలారు. విమానాలు దాడి చేస్తున్నప్పుడు లోపలి నుంచి అవి కూడా కొట్టాలన్నది ఆలోచన. ఐదూ పోయాయి. పదిమందిలో బతికింది ఒక్కడే, కజువో సకమాకి. ఒడ్డుకు కొట్టుకొచ్చి అమెరికాకు దొరికిన మొదటి జపాన్ యుద్ధ ఖైదీ అయ్యాడు.

వార్డ్ పైవాళ్లకు చెప్పలేదా?

చెప్పింది, అదీ వెంటనే. నన్నడిగితే ఈ నౌక కథలో అసలు విషయం ఇదే. గుండు తగలడం నైపుణ్యం, కొంత అదృష్టం. ఆ తర్వాతి ఏడెనిమిది నిమిషాల్లో అవుటర్‌బ్రిడ్జ్ చేసిన పని మాత్రం నిఖార్సయిన తెలివి.

6:51కి మొదటి సందేశం పంపారు: రక్షిత ప్రాంతంలో జలాంతర్గామి మీద డెప్త్ చార్జ్‌లు వేశాం. పంపగానే ఆయనకే అది చాలదనిపించింది. ఎందుకంటే ఆ నెలల్లో గస్తీ నౌకలు డెప్త్ చార్జ్‌లు వేయడం కొత్త కాదు. సోనార్‌లో ఏదో చప్పుడు వినిపిస్తే వేసేవాళ్లు, తీరా చూస్తే తిమింగలమై ఉండేది. అందుకే 6:53కు మాటలు మార్చి మళ్లీ పంపారు: దాడి చేశాం, కాల్పులు జరిపాం, డెప్త్ చార్జ్‌లు వేశాం. మధ్యలో చేర్చిన ఆ కాల్పుల మాటలోనే ఉంది అంతా. ఫిరంగితో కాల్చాలంటే కంటితో చూసి ఉండాలి. తిమింగలం కాదు, భ్రమ కాదు, కళ్లారా చూశాం అని ఒక్క పదంతో చెప్పాడాయన.

ఆ పదాన్ని అవతలివాళ్లు పట్టుకోలేదు. సంకేతాల్లో వచ్చిన సందేశాన్ని విప్పి డ్యూటీ అధికారి లెఫ్టినెంట్ కమాండర్ హెరాల్డ్ కామిన్‌స్కీ చేతికి వచ్చేసరికి 7:12 అయింది. ఆయన ఫోన్లు మొదలుపెట్టారు. కెప్టెన్ జాన్ ఎర్ల్‌కు చెప్పారు, ఎర్ల్ తన పైవాడు, అక్కడి నౌకాదళ జిల్లా అధిపతి రియర్ అడ్మిరల్ క్లాడ్ బ్లాక్‌కు చెప్పారు. ఇద్దరూ మాట్లాడుకుని, ఇది నిజమో కాదో రూఢి చేసుకుందామనుకున్నారు. సాయంగా మోనాహన్ అనే డిస్ట్రాయర్‌ను పంపమన్నారు. ఫ్లీట్ కమాండర్ అడ్మిరల్ హస్బెండ్ కిమ్మెల్‌కు ఫోన్ వెళ్లేసరికి 7:40 ప్రాంతం. ఆఫీసుకు వస్తున్నానన్నారు. రూఢి సమాచారం కోసం ఎదురుచూస్తుండగానే 7:55కు బాంబులు పడ్డాయి.

ఇంకో చిక్కు కూడా తోడైంది. కాల్పుల తర్వాత కాసేపటికే అదే ప్రాంతంలో ఒక చేపల పడవ కనిపిస్తే వార్డ్ దాన్ని ఆపింది, ఆ విషయం కూడా రేడియోలో చెప్పింది. జలాంతర్గామిని ముంచిన నౌక తీరిగ్గా చేపల పడవ వెంట పడుతుందా అని వినేవాళ్లకు అనుమానం రావడం సహజమే. నేను వాళ్లను మూర్ఖులు అనను. ఆదివారం పొద్దున్నే అలాంటి కబురు అంతకుముందు ఎన్నోసార్లు ఉత్తుత్తిదే అయింది. కానీ ప్రతి మనిషీ తన పైవాడికి చెప్పి చేతులు దులుపుకున్నాడే తప్ప, నిజమైతే ఏం చేయాలి అని మాత్రం ఎవరూ అడగలేదు. అన్నింటికంటే పెద్ద తప్పు ఆర్మీకి అసలు చెప్పకపోవడం.

వెంటనే హెచ్చరిక వెళ్లి ఉంటే పెర్ల్ హార్బర్ తప్పేదా?

దాడి తప్పేది కాదు. విమానాలు అప్పటికే దారిలో ఉన్నాయి. నష్టం ఎంత తగ్గేదన్నదే ప్రశ్న.

ముందు కాని పనులు చూద్దాం. యుద్ధనౌకలు ఓడరేవు దాటి బయటికి వెళ్లిపోయేవి కావు. బాయిలర్లు వేడెక్కి ఆవిరి తయారవడానికే గంటలు పడుతుంది. ఒకవేళ బయటికి వెళ్లినా, లోతు నీళ్లలో మునిగితే మళ్లీ తేల్చడం అసాధ్యం. ఓడరేవులో మునిగినవాటిలో చాలా నౌకలు తర్వాత బాగుపడి యుద్ధంలోకి తిరిగి వెళ్లాయి. ఆ లెక్కన బయటికి పోకపోవడమే నయమైంది.

ఇక అయ్యే పనులు. నౌకల్లోపల నీరు చొరకుండా ఆపే తలుపులన్నీ మూయడానికి గంట చాలు. విమాన నిరోధక ఫిరంగుల దగ్గర మనుషుల్ని నిలబెట్టి గుండ్లు పైకి తేవడానికీ చాలు. వీలర్, హికమ్ స్థావరాల్లో ఆర్మీ విమానాల్ని విద్రోహుల భయంతో రెక్కకు రెక్క ఆనించినట్టు వరసలో పెట్టారు. వాటిని దూరం దూరంగా జరపడం, కొన్నింటినైనా గాల్లోకి లేపడం సాధ్యమయ్యేది.

రాడార్ సంగతి ఉండనే ఉంది. 7:02కు ఒపానా రాడార్ కేంద్రంలో ఇద్దరు ఆర్మీ జవాన్లకు ఉత్తరం నుంచి 130 మైళ్లకు పైగా దూరంలో పెద్ద విమానాల గుంపు కనిపించింది. ఫోన్ చేస్తే, కాలిఫోర్నియా నుంచి మన బీ-17 బాంబర్లు రావాల్సి ఉంది, అవే అయి ఉంటాయి, కంగారు పడకండి అని అవతలి అధికారి చెప్పాడు. అప్పటికి పది నిమిషాల కిందటే వార్డ్ సందేశం గాల్లో ఉంది. ఆ రెండు కబుర్లూ ఒకే బల్ల మీదికి వచ్చి ఉంటే ఎవరికైనా విషయం అర్థమయ్యేది. ఒకటి నౌకాదళం దగ్గర, ఒకటి ఆర్మీ దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు చనిపోయిన అమెరికన్లు 2,403 మంది. వాళ్లలో 1,177 మంది అరిజోనా అనే ఒక్క నౌక మీదే. అరిజోనా పేలుడు ఎలాగూ తప్పేది కాదేమో, మిగతావాళ్లలో కొందరైనా దక్కేవాళ్లని నా నమ్మకం.

అంటే మొదటి గుండు పేల్చింది అమెరికాయే కదా? యుద్ధం వాళ్లే మొదలుపెట్టారనొచ్చా?

అనలేం. దాడికి బయల్దేరిన జలాంతర్గామి వాళ్ల ఓడరేవు మూతి దాకా వచ్చింది. జపాన్ విమానాలు 6 గంటల ప్రాంతంలోనే విమాన వాహక నౌకల నుంచి లేచాయి. మీ ఇంటి గోడ దూకుతున్నవాణ్ని మీరు ముందు కొట్టారు కాబట్టి తగువు మీదే అన్నట్టుంటుంది ఆ వాదన.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మొదటి కాల్పులు ఇవేనా?

జపాన్‌తో యుద్ధంలో మొదటివి. జర్మనీతో అట్లాంటిక్‌లో అప్పటికే అప్రకటిత యుద్ధం నడుస్తోంది. 1941 సెప్టెంబర్‌లో గ్రీర్ అనే డిస్ట్రాయర్ ఒక జర్మన్ జలాంతర్గామితో తలపడింది. అక్టోబర్ 31న రూబెన్ జేమ్స్ టార్పెడో తగిలి మునిగిపోయింది, 100 మందికి పైగా పోయారు. ఈ రెండూ వార్డ్ లాంటి నాలుగు పొగగొట్టాల నౌకలే.

మరో మాట. దాదాపు అదే సమయంలో, అక్కడి గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక, జపాన్ సేనలు మలయాలోని (ఇప్పటి మలేసియా) కోట భారు తీరం మీద దిగడం మొదలుపెట్టాయి. అక్కడ ఇసుకలో కాపలా కాస్తూ ఎదురు కాల్పులు జరిపింది బ్రిటిష్ ఇండియన్ సైన్యంలోని డోగ్రా దళం. పసిఫిక్ యుద్ధం మొదటి గంటలో మనవాళ్లు కూడా ఉన్నారన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

నిజంగానే ముంచిందని రుజువేంటి?

చాలాకాలం రుజువు లేదు. వార్డ్ సిబ్బంది ముసలివాళ్లయ్యేదాకా ఈ అనుమానం భరించారు. గుండు తగిలితే పేలాలి కదా, శకలాలేవీ, అని అడిగేవాళ్లు. 2000లో గట్టిగా వెతికినా దొరకలేదు. 2002 ఆగస్టు 28న హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన సముద్ర పరిశోధకులు తమ చిన్న పరిశోధక జలాంతర్గాముల్లో పెర్ల్ హార్బర్‌కు కొన్ని మైళ్ల అవతల, 400 మీటర్ల లోతులో దాన్ని చూశారు. టవర్ మొదట్లో కుడివైపు గుండు పోయిన రంధ్రం స్పష్టంగా ఉంది, 1941లో సిబ్బంది చెప్పిన చోటే. రెండు టార్పెడోలూ ఇంకా గొట్టాల్లోనే ఉన్నాయి. డెప్త్ చార్జ్‌లు పైకెగరేశాయనుకున్న ఆ జలాంతర్గామి బయటికి చెక్కుచెదరకుండా ఉంది, అంటే ప్రాణాంతకమైన దెబ్బ 3వ నంబరు ఫిరంగిదే అనుకోవాలి. లోపల ఇద్దరు మనుషులున్నారు కాబట్టి దాన్ని సమాధిగానే చూస్తున్నారు.

61 ఏళ్లకు వచ్చిన ఆ వార్త వినడానికి వార్డ్ సిబ్బందిలో కొద్దిమందే మిగిలారు. ఆ కొద్దిమందైనా విన్నందుకు నాకు సంతోషం.

తర్వాత వార్డ్ ఏమైంది?

1942 చివర్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌కు పంపి రూపం మార్చారు. ముందున్న రెండు బాయిలర్లు, రెండు పొగగొట్టాలు తీసేసి ఆ జాగాలో సైనికులకు చోటు చేశారు. టార్పెడో గొట్టాల స్థానంలో తీరం మీద దించే పడవలు వేలాడదీశారు. పాత ఫిరంగుల బదులు విమానాల్ని కూడా కొట్టగల మూడు అంగుళాల ఫిరంగులు వచ్చాయి. కొత్త హోదా వేగవంతమైన రవాణా నౌక, నంబరు ఏపీడీ-16. వేగం తగ్గింది, పని పెరిగింది. సాలమన్ దీవుల నుంచి న్యూగినియా తీరం వెంట, బియాక్, మొరొటాయ్ మీదుగా ఫిలిప్పీన్స్ దాకా దిగిన చోటల్లా సైనికుల్ని ఒడ్డుకు చేర్చింది. పత్రికల్లో పేరొచ్చే పని కాదు. ఆ రెండేళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది. వార్డ్ అసలు కష్టపడింది అప్పుడే.

మునిగింది కూడా డిసెంబర్ 7నే, ముంచింది కూడా పాత కెప్టెనే అంటారు. కట్టుకథ కాదుగా?

కాదు, రెండూ రికార్డుల్లో ఉన్నాయి. 1944 డిసెంబర్ 7న లేటె దీవిలోని ఓర్మోక్ అఖాతంలో 77వ పదాతి దళాన్ని దించే పనిలో వార్డ్ ఉంది. ఉదయం 10 కావస్తుండగా జపాన్ విమానాలు గుంపుగా వచ్చాయి. ఒక ఆత్మాహుతి విమానం ఎడమవైపు నీటి మట్టానికి దగ్గర్లో నౌకలోకి దూసుకుపోయింది. సైనికులు అప్పటికే ఒడ్డుకు వెళ్లిపోయారు కాబట్టి ఆ భాగం ఖాళీగా ఉంది. లేకపోతే ఘోరం జరిగేది. మంటలు అదుపులోకి రాలేదు, నౌక కదలడం మానేసింది. సిబ్బంది దిగిపోయారు. గాయాలైనా ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఉదయం పక్కనే మహాన్ అనే డిస్ట్రాయర్‌కు కూడా ఇదే గతి పట్టింది.

మంటలార్పడానికి, మనుషుల్ని ఎక్కించుకోవడానికి వచ్చిన నౌకల్లో ఓబ్రయన్ అనే కొత్త డిస్ట్రాయర్ ఉంది. దాని కెప్టెన్ విలియం అవుటర్‌బ్రిడ్జ్. వార్డ్ ఇక దక్కదని తేలాక ఫిరంగులతో ముంచేయమని ఆదేశం ఆయనకే వచ్చింది. ముంచారు. రాసిపెట్టినట్టుందని అంటారు చాలామంది. ఒకే సముద్రంలో, ఒకే యుద్ధంలో మూడేళ్లుగా డిస్ట్రాయర్ల మీద పనిచేస్తున్న అధికారికి పాత నౌక ఎదురుపడటం అంత వింతేం కాదు. తేదీ కలవడం మాత్రం కాకతాళీయం.

శిథిలాలను 2017 డిసెంబర్‌లో పెట్రెల్ అనే పరిశోధన నౌక కనిపెట్టింది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ నడిపిన బృందం అది. 200 మీటర్లకు పైగా లోతులో ఉంది.

అవుటర్‌బ్రిడ్జ్ గురించి ఇంకేమైనా?

1906లో హాంకాంగ్‌లో పుట్టారు. 1927లో నావల్ అకాడమీ నుంచి బయటికొచ్చారు. జలాంతర్గామిని ముంచినందుకు నేవీ క్రాస్ పతకం వచ్చింది. 1957లో రియర్ అడ్మిరల్ హోదాతో పదవీ విరమణ చేసి, 1986లో కన్నుమూశారు. జలాంతర్గామి దొరికిన వార్త ఆయన వినలేదు.

వార్డ్‌కు సంబంధించినవి ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

3వ నంబరు ఫిరంగిని చూడొచ్చు. బ్రెమర్టన్‌లో తీసేసినవాటిలో అది కూడా ఉండబట్టే ఓర్మోక్‌లో మునగకుండా మిగిలింది. 1958లో దాన్ని సెయింట్ పాల్ తెచ్చి మిన్నెసోటా శాసనసభ భవనం ఆవరణలో నిలబెట్టారు. పేల్చినవాళ్ల సొంత ఊరు. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఆ ఆవరణ వైపు వెళ్తే ఒకసారి ఆగి చూడండి. ముందు కవచం లేని ఫిరంగి. పేల్చేవాళ్లు గాలికీ వానకీ శత్రువు తూటాలకీ బయటే నిలబడాలని చూడగానే తెలుస్తుంది.

అలాంటి నాలుగు పొగగొట్టాల నౌక ఏదైనా మ్యూజియంగా ఉందా?

ఒక్కటీ లేదు. కేవలం విక్స్, క్లెమ్‌సన్ తరగతులవే 267 నౌకలు కట్టారు. కొన్నింటి పేర్లు చరిత్రలో నిలిచాయి. 1923 సెప్టెంబర్ 8న కాలిఫోర్నియాలో హోండా పాయింట్ దగ్గర పొగమంచులో దారి తప్పి ఏడు నౌకలు ఒకేసారి రాళ్లకు కొట్టుకున్నాయి. బ్రిటన్‌కు వెళ్లిన బుకానన్ పేరు మార్చుకుని క్యాంబెల్‌టౌన్‌గా 1942 మార్చిలో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్ రేవు తలుపును ఢీకొట్టి, కడుపులో దాచిన పేలుడు పదార్థాలతో దాన్ని బద్దలుకొట్టింది. మిగిలినవి యుద్ధం అయ్యాక తుక్కు వ్యాపారులకు వెళ్లాయి. 1945, 46 సంవత్సరాల్లో అమెరికా దగ్గర మరీ ఎక్కువ నౌకలున్నాయి, పాతవాటిని దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వార్డ్‌ను కట్టిన మేర్ ఐలాండ్ యార్డ్ కూడా 1996లో మూతపడింది. అక్కడి భవనాలు, డ్రై డాక్‌లు కొన్ని మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.